చెప్పులు విప్పి ఎక్కిన విమానం

1998 జులై 21, మంగళవారం. ఆ రోజు తిన్నవి పెరుగన్నం, సర్వపిండి, చింతకాయ తొక్కు. తిన్నచోటు విమానం. ఆ విమానం హిమాలయాల మంచులో కూరుకుపోయి ఉంది. ఆ హిమాలయాలు ఫలక్‌నుమాలో రైలు పట్టాల పక్కన, మల్లన్న వెల్డింగు షెడ్డులో ఉన్నాయి. ఆ మంచు సోమశేఖర్ పరుపుల దుకాణం నుంచి బస్తాల్లో వెళ్ళిన దూది. ఇన్నేళ్ళ తర్వాత, సైదాబాదులో ఒక బేకరీ పై అంతస్తు గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్న సోమశేఖర్‌కు అన్నిటికంటే ముందు గుర్తొచ్చింది ఆ తొక్కు పులుపు. ఎదుటి తెల్లగోడ మీద కాసేపట్లో ఆ విమానమే మళ్ళీ కనబడుతుంది. కింది నుంచి వెన్న కరిగిన వాసన మెట్లెక్కి వస్తోంది. గదినిండా పిల్లలు, సోమశేఖర్ దృష్టిలో ముప్పై దాటనివాళ్ళంతా పిల్లలే. వాళ్ళు నవ్వడానికి వచ్చారు. ఆ సంగతి వాళ్ళేమీ దాచుకోలేదు, మెట్ల దగ్గర కాగితం అంటించి మరీ చెప్పారు: చెత్త సినిమాల సాయంత్రం, ఈ వారం 'హిమగిరిలో విమానం', కడుపుబ్బ నవ్వుకోండి. సోమశేఖర్ నవ్వడానికి రాలేదు. అతని భార్య కమల ఆ సినిమాలో ఉంది, ఒకే ఒక్క సన్నివేశంలో. అది రాబోయే ముందు అతను కుడిచెయ్యి పైకెత్తితే చాలు, వెనక కంప్యూటరు దగ్గర కూర్చున్న ప్రణీత్ ఆ ముక్క దాటించేస్తాడు. కమలను చూసి ఎవరూ నవ్వరు. అదీ ఒప్పందం.

ప్రణీత్ కొత్తవాడేమీ కాదు, దీక్షిత్ కొడుకు. దీక్షిత్ అంటే ఆ రోజుల్లో శాలిబండ నుంచి ఫలక్‌నుమా దాకా ఇంటింటికీ కేబుల్ వైరు లాగినవాడు. వైరుతోపాటు సొంతంగా ఒక చానెల్ కూడా నడిపేవాడు. అందులో పెళ్ళి వీడియోలు, బోనాల ఊరేగింపు, తప్పిపోయిన మేకల ప్రకటనలు వచ్చేవి. ఒక రాత్రి ఏదో ఇంగ్లీషు చానెల్లో, విమానం మంచులో ఇరుక్కుపోయిన టీవీ సినిమా చూసి, మర్నాడు దుకాణానికి వచ్చి, "శేఖరన్నా, ఇది మనమెందుకు తియ్యొద్దు?" అన్నాడు. ఎందుకు తీయకూడదో చెప్పగలిగినవాళ్ళు ఆ గల్లీలో ఎవరూ లేకపోబట్టి తీసేశాడు. దీక్షిత్ పోయి చాలాకాలమైంది. అటక మీద దొరికిన క్యాసెట్టును కొడుకు కంప్యూటర్లోకి ఎక్కించి, అందులోంచి ఒక ముక్కను ఫోన్లలోకి వదిలాడు. అది కమల ముక్కే. వదిలింది మొదలు అది ఊరంతా తిరిగి తిరిగి, మాదాపూర్‌లో కూతురు స్రవ్య పనిచేసే ఆఫీసుకు కూడా చేరింది. భోజనాల బల్ల దగ్గర ఎవరో ఫోను చాపి, ఈ ఆంటీని చూడు, విమానంలో ఏం చేస్తుందో చూడు అన్నారట. స్రవ్య చూసిందట. అందరితోపాటు తనూ నవ్విందట. "మా అమ్మ అని చెప్పలేకపోయిన బాపూ. నేను గూడ నవ్విన," అని ఆ సాయంత్రం ఫోన్లో ఏడ్చింది. "ఫోన్లలకెల్లి ఎట్లాగూ పోదు. కనీసం గా హాల్లనన్న తీసేయమను. పదిమంది కూసోని అమ్మను చూసి పకపక నవ్వుడేంది బాపూ?" అంది. సరే బిడ్డా అన్నాడు. సరే అనడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. డిగ్రీ చదివింది కూడా నాన్న కామర్స్ చదవమంటే సరే అనే. కానీ ఈ సరే నోట్లోంచి వచ్చిన దగ్గర్నుంచి గొంతులో చేపముల్లులా ఉంది. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో తనను తాను చూసుకుని, నవ్వనీ చూద్దాం, ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను అని పైకే అన్నాడు. తర్వాత తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు.

లైట్లు ఆరాయి. గోడ మీద ముందు గీతలు, తర్వాత నీలిరంగు, ఆ తర్వాత దీక్షిత్ గొంతు, బొంగురుగా, జలుబు చేసినట్టు: "ఢిల్లీ నుంచి లండన్‌కు బయల్దేరిన విమానం..." గొంతు వినగానే సోమశేఖర్ పెదవులు వాటంతటవే కదిలాయి, చచ్చిపోయిన మనిషి ఇంత ఉత్సాహంగా మాట్లాడితే పలకరించకుండా ఎలా ఉంటాం. తలుపు దగ్గర నిలబడ్డ ప్రణీత్ స్నేహితులు అప్పుడే మొదలుపెట్టారు, ఎందుకంటే విమానం కనబడింది. అది మల్లన్న పాతసామాన్ల బజారు నుంచి లాక్కొచ్చిన సిటీబస్సు డొక్కు. రేకు ముక్కు అతికించి, రెక్కలు వెల్డింగు చేసి, వెండిరంగు కొట్టాడు. కిటికీలకు అట్టముక్కలు గుండ్రంగా కోసి పెట్టారు. లోపల నిలబడి పట్టుకునే కడ్డీలు అలాగే ఉన్నాయి, విమానం ఊగినప్పుడల్లా ప్రయాణికులు అలవాటుగా లేచి వాటిని పట్టుకున్నారు. ఒక అద్దం పైన, రంగు కింద నుంచి, 'స్త్రీలకు మాత్రమే' అన్న అక్షరాలు తేలి కనబడుతూనే ఉన్నాయి. గది పగలబడి నవ్వింది. సోమశేఖర్ తొడల మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఈ నవ్వు తనకేం కాదు. రేకు ముక్కు చూసి నవ్వనీ, రేకు ముక్కే అది. కెప్టెన్ వేషంలో ఎల్లేష్ వచ్చాడు. పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, అందుకే దుస్తులు వెతుక్కునే పని లేకుండా బ్యాండువాళ్ళ ఎర్రకోటు, బంగారు జరీ తాళ్ళు, జేబు మీద ఫోను నంబరుతో సహా వేసుకొచ్చాడు. "పెళ్ళికొడుకును దింపుతున్నాడ్రా భాయ్," అని చీకట్లో ఒక గొంతు. మంచి మాటే అన్నాడు, అనుకోకుండా సోమశేఖర్ పెదవి చివర వణికింది. వెంటనే బిగించుకున్నాడు. నవ్వితే స్రవ్య పక్షాన ఉన్నట్టు కాదు.

ఆపైన మంచు. తన మంచు. టేబుల్ ఫ్యాను ముందు గుప్పెళ్ళకొద్దీ దూది వదులుతుంటే అది తేలి, తిరిగి, ఎల్లేష్ మీసాల మీద వాలుతోంది. ప్రొజెక్టరు వెలుతురులో ఈ గది దుమ్ము కూడా అలాగే తేలుతోంది, ఏది అప్పటి దూదో ఏది ఇప్పటి దుమ్మో ఒక క్షణం తెలియలేదు. ఆ రోజు దూది అందరి ముక్కుల్లోకీ పోయింది. ఎదురింటి లీలమ్మ, వాటర్ వర్క్స్‌లో పని చేసేది, కిటికీ పక్క సీట్లో కూర్చుని యేసయ్యా యేసయ్యా అని నిజంగానే ప్రార్థన మొదలుపెట్టింది, దీక్షిత్ చెప్పకుండానే. "ఇంకా విమానం పడలే లీలమ్మా," అంటే, "పడ్డంక చేస్తే ఏం ఫాయిదా?" అంది. ప్రయాణికులంతా అలాంటివాళ్ళే, చుట్టుపక్కల గల్లీల ఆడవాళ్ళు, బోనాలు అయిపోయిన మర్నాటికి మర్నాడు, ఇంకా పండగ దిగని కళ్ళతో వచ్చారు. విమానం సిద్ధమయ్యాక మల్లన్న దాని ముక్కు మీద పసుపుతో స్వస్తిక్ వేసి, నిమ్మకాయ కట్టి, గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టి, అగరుబత్తులు గుచ్చాడు. అంతే. పూజ జరిగిన చోటికి చెప్పులతో ఎవరెక్కుతారు? ఒక్కొక్కరూ కింద చెప్పులు విప్పి, గుమ్మాన్ని కళ్ళకద్దుకుని ఎక్కారు. దీక్షిత్ చూశాడు, తనూ విప్పి ఎక్కాడు. ఇది తప్పని అప్పుడు ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు గోడ మీద, గడ్డకట్టే చలిలో, లండన్ పోయే ప్రయాణికులు మంచులోకి దిగుతున్నారు, వరసగా, ఉత్త కాళ్ళతో. అన్నీ పసుపు రాసుకున్న పాదాలు. తెల్లటి దూదిలో పచ్చగా, గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లారకట్ట కుప్పలు పోసిన బంతిపూల లాగా. గదిలో నవ్వు గోడల్ని తోసింది. ముందు వరసలో ఒకమ్మాయి కుర్చీలోంచి జారింది. సోమశేఖర్ మాత్రం ఆ కాళ్ళలో కమల కాళ్ళు వెతకలేదు, ఎందుకంటే అవి ఇంకా అక్కడ లేవు. ఆమె మధ్యాహ్నం గానీ రాలేదు.

మధ్యాహ్నం డబ్బా తీసుకుని వచ్చింది. దూది బస్తాలతో పాటు భర్త కూడా అక్కడే ఉండిపోయాడని, పెద్ద నాలుగంతస్తుల స్టీలు డబ్బా నిండా సర్ది, ఆటోలో, పసుపు కాళ్ళతో. ఆ కాసేపటికే ఏడవవలసిన ప్రయాణికురాలికి జ్వరమని కబురొచ్చింది. దీక్షిత్ తల పట్టుకుని కూర్చున్నవాడు కమలను చూసి లేచాడు. సన్నివేశం ఇదీ: మంచులో చిక్కుకుని రోజులు గడిచాయి, ఆహారం అయిపోయింది, ఒక స్త్రీ ధైర్యం కోల్పోయి, ఇక మనమంతా చచ్చిపోతాం అని వలవల ఏడ్చి కుప్పకూలుతుంది. కమల విన్నది. కొంగు సర్దుకుంది. సోమశేఖర్ వైపు చూసింది, కానీ అడగడానికి కాదు. "ఏడుస్త గానీ, గా మాట అనను," అంది.

"ఒక్క మాటే వదినా. నిజంగ కాదు గద, సినిమా."

"నిన్ననే బోనాల రంగంల అమ్మోరు పచ్చికుండ మీద నిలబడి, నా బిడ్డలందరు సల్లగుంటరని భవిష్యవాణి చెప్పె. ఇయ్యాల నేను నోరు తెరిచి సస్తమంటనా? ఇందరు ఆడోళ్ళు, ముత్తైదువలు కూసున్న చోట?"

"నిజంగ కాదు వదినా!"

"నిజంగ కాదంటివి గద. కానప్పుడు మంచిమాటనే అనిపియ్యరాదు?"

  విమానంలో ఆడవాళ్ళంతా, నిజమే, పండగ పూట గదేం మాట అని గొణిగారు. లీలమ్మ యేసయ్య తరఫున ఒప్పుకుంది. బయట వెలుతురు తగ్గిపోతోంది, టేపు తక్కువ ఉంది, ఎల్లేష్‌కు సాయంత్రం చంద్రాయణగుట్టలో పెళ్ళి బారాత్ ఉంది. "సరే, నీకు తోచింది చెయ్యి వదినా, ఏడువు చాలు," అని దీక్షిత్ కెమెరా తిప్పాడు. కమల ఎలా ఉంటుందో, ఏడవమంటే ఏడవలేదని, పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా అత్తగారింటి బండి ఎప్పుడొస్తుందని అడిగిందని సోమశేఖర్‌కు తెలుసు, దీక్షిత్‌కు తెలియదు. తెలిసేటప్పటికి టేపు తిరుగుతోంది.

సినిమా దసరాకు కేబుల్లో వచ్చింది. గల్లీ గల్లీ చూసింది. అప్పుడు ఎవరూ నవ్వలేదే. ఈ ఆలోచన సోమశేఖర్‌కు చీకట్లో ఠక్కున తగిలి, వెన్ను నిటారుగా చేసుకున్నాడు. వాళ్ళ ఇంట్లోనే ఇరవై మంది కూర్చున్నారు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళు వేరే. విమానం పడుతుంటే పెద్దలు కళ్ళు మూసుకున్నారు. చిట్టచివర దీక్షిత్ స్కూటరు చప్పుడుతో హెలికాప్టరు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. కమల ముక్క వచ్చినప్పుడు, ఆకలితో ఉన్న విమానంలోకి అన్నం డబ్బా ఎలా వచ్చిందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ప్రయాణమన్నాక డబ్బా లేకుండా ఎవరు పోతారు? వాళ్ళకు వచ్చిన అనుమానం వేరు. నీళ్ళ సీసా ఎందుకు మరిచింది అన్నది ఒకామె. మరి ఈ పిల్లలు? వీళ్ళు విమానాలు ఎక్కినవాళ్ళు, వీళ్ళకు విమానమంటే తెలుసు, అందుకని నవ్వుతారు. తెలిసినవాళ్ళు నవ్వుతారు, తెలియనివాళ్ళు చప్పట్లు కొడతారు. ఈ రెండింట్లో ఏది మేలు? అతను విమానం ఎక్కాడు ఒకసారి, కమలతోనే, కాశీకి. సీటుబెల్టు పెట్టుకుంటూ ఆమె చెవి దగ్గరికి వంగి, "మల్లన్న విమానమే గట్టిగ ఉండె," అంది.

"వంద మైళ్ళ దాకా మనిషి జాడ లేదు!" అంటున్నాడు గోడ మీద ఎల్లేష్, కళ్ళకు చెయ్యి అడ్డుపెట్టుకుని. ఆ మాట ముగియకముందే, హిమాలయాల వెనక నుంచి, ఫలక్‌నుమా స్టేషనులో ఆగే పాసింజరు బండి పొడుగ్గా కూత వేసింది. గదిలో ఒకడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నవ్వు ఎడతెగడం లేదు, ఒకటి సన్నగిల్లుతుంటే ఇంకొకటి అంటుకుంటోంది, సోమశేఖర్ దాన్ని చెవులతో కాక చర్మంతో వింటున్నాడు. నవ్వండి. బండి మీద నవ్వండి, ఎర్రకోటు మీద నవ్వండి. ఆమె మీదికి వచ్చేటప్పటికి మీ నోళ్ళ ముందు నుంచి లాగేసుకుంటాను. చెయ్యి ఎత్తితే చాలు.  దూరం లేదు, ఎల్లేష్ బిస్కెట్లు పంచుతున్నాడు, అవి అయిపోతే కమల. వెనక్కి తిరిగి చూశాడు. కంప్యూటరు వెలుగులో ప్రణీత్ ముఖం సిద్ధంగా ఉంది, మంచి కుర్రాడు, మాట నిలబెట్టుకునేవాడు. కనుబొమ్మలు ఎగరేశాడు, చెప్పండి అంకుల్ అన్నట్టు. ఇంత చిన్న పని. చెయ్యి లేస్తుంది, గోడ మీద ఒక గంతు పడుతుంది, ఆహారం అయిపోయిన చోటు నుంచి హెలికాప్టరు వచ్చిన చోటికి. మధ్యలో ఆమె ఉండదు. ఎవరికీ తెలియదు ఉండేదని.

మధ్యలో ఆమె ఉండదు. ఈ వాక్యాన్ని అతను నాలుగేళ్ళుగా ఎరుగును. అది ఇంట్లో ఉంటుంది, మంచానికి ఆ పక్కన ఉంటుంది, దుకాణం నుంచి వచ్చి తలుపు తాళం తీసేటప్పుడు చేతిలో ఉంటుంది. ఆ వాక్యాన్ని తను రాయలేదు, ఎవరో రాసి ఇచ్చారు, తీసుకోక తప్పలేదు. కానీ ఇప్పుడు ఇక్కడ రాయమంటున్నది తననే, తన చేత్తోనే. ఆసుపత్రిలో చివరి వారం బంధువులంతా మంచం చుట్టూ చేరి, ముఖాలు వేలాడేసుకుని, ముక్కులు ఎగబీలుస్తూ నిలబడితే కమల కళ్ళు తెరిచి ఒక్కొక్కరినీ చూసి, "ఈడ ఏమన్న షూటింగైతుందా? ఏడ్చేటోళ్ళు బయట ఏడువుర్రి," అంది. నర్సు మందుల ట్రే పట్టుకుని నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఆ నర్సు భుజాలు కదలడం సోమశేఖర్‌కు ఇప్పటికీ ఎంత ఉపకారమో. ఆ వారం మొత్తంలో అతనికి దొరికిన ఒకే ఒక్క తిండి అది. తర్వాత అందరూ ఓదార్చారు, ఓర్చుకో శేఖరూ అన్నారు, ఫొటోకు గంధపుపేళ్ళ దండ వేశారు. వారం తిరక్కుండా ఆ దండ తీసేశాడు. బావమరిది అరిచాడు, లొల్లి చేశాడు, అపచారం అన్నాడు. "దానికి గంధం పడదు, తుమ్ములొస్తయి," అన్నాడు సోమశేఖర్, అంతే అన్నాడు, మళ్ళీ వేయలేదు. సరే అనని రోజు అతని జీవితంలో అదొక్కటే. రెండోది ఇదేనా?

కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

బిస్కెట్ల డబ్బా బోర్లించి చూపించాడు ఎల్లేష్. కెమెరా వణుకుతూ పక్కకు తిరిగింది. కమల. కుంకుమరంగు చీర, పెద్ద బొట్టు, జడలో నిన్నటి వాడిన పూలు. ఎంత చిన్నది! ఇంత చిన్నపిల్ల మాటకు తను ఇన్నేళ్ళు భయపడ్డాడా? ఆమె చుట్టూ చూసింది, ఏడవడానికి ముఖం సిద్ధం చేసుకుంది, నోరు తెరిచింది, ఆ క్షణంలో ఏం జరిగిందో ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది: ఏడుద్దామనే అనుకున్న, అంతమంది మధ్యాహ్నం దాకా తిండి లేకుండా కూసున్నరు, నిజంగనే కళ్ళు పీక్కుపోయినయి, అది చూసి ఏడుపు రాలే. గోడ మీద కమల వంగింది, సీటు కింద నుంచి స్టీలు డబ్బా తీసింది, ఖంగుమని విప్పింది. "సచ్చేది బతికేది తర్వాత చూద్దాం గానీ, ముందుగాల తినుర్రి. చేతులు పట్టుర్రి!" అంది. అనేసింది. వద్దన్న మాటనే అనేసిందని అప్పుడు ఆమెకే తెలియలేదు. లీలమ్మ చెయ్యి చాపింది. ఆ పక్కామె చాపింది. పచ్చి ఆకలితో ఉన్న విమానం మొత్తం చాపింది. కాక్‌పిట్టు లోంచి కెప్టెన్ ఎల్లేష్ ఎర్రకోటుతో గబగబా వచ్చి, ప్రయాణికురాలి ముందు దోసిలి పట్టాడు. "జర తొక్కు గూడ వెయ్యక్కా," అన్నాడు హిమాలయాల్లో.

వచ్చింది నవ్వు. పైకప్పు లేచిపోయేంత. దెబ్బ కోసం బిగించుకున్న ఒళ్ళు సోమశేఖర్‌ది, దెబ్బ పడలేదు. నవ్వు వచ్చి అతని చుట్టూ తిరిగి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు అనిపించింది. పక్క కుర్చీలో కీర్తిప్రియ అనే అమ్మాయి, ఇందాక వచ్చేటప్పుడు పేరు చెప్పి నీళ్ళ సీసా ఇచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ, "అంకుల్, ఈ ఆంటీ ఉంటే ఏ విమానం పడ్డా ఫికర్ లేదు కదా!" అంది. "మళ్ళీ, మళ్ళీ," అని వెనక నుంచి అరుపులు. ప్రణీత్ చెయ్యి ఆడలేదు. అతను సోమశేఖర్ వైపే చూస్తున్నాడు. సోమశేఖర్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు. "వెయ్యి బాబూ. మళ్ళొకసారి వెయ్యి," అని, అక్కడితో ఆగవలసింది, ఆగలేదు. "ఆమె నా భార్య. కమల. నాలుగేండ్లయింది పోయి."

నవ్వు తెగిపోయింది. కత్తెరేసినట్టు. చీకట్లో ముఖాలన్నీ ఇటు తిరిగి, ఒక్కొక్కటీ కిందికి దిగాయి. "సారీ అంకుల్," అన్నారెవరో. కీర్తిప్రియ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ప్రణీత్ ముక్క మళ్ళీ వేశాడు, వేయమన్నారు కాబట్టి, భయంభయంగా. కమల వంగింది, డబ్బా తీసింది, ఖంగుమంది, చేతులు పట్టుర్రి అంది, ఒక్కరూ ఊపిరి తీయలేదు. ఎల్లేష్ దోసిలి పట్టాడు, ఎవరూ కదల్లేదు. అంతా చేతులు కట్టుకుని, దినాలకు వచ్చినవాళ్ళలా చూస్తున్నారు. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, ఆమె నిజంగా చచ్చిపోవడం సోమశేఖర్ కళ్ళారా చూశాడు. ఇందాక, వీళ్ళు పొట్టలు పట్టుకున్నప్పుడు, ఆమె బతికే ఉంది. పేరు తెలియని ఆంటీ, విమానంలో అందరికీ పెడుతోంది. తను నోరు తెరిచి ఒక్క మాట చెప్పగానే ఫొటో అయిపోయింది, దండ పడిపోయింది. ఎంత కోపం వచ్చిందో అతనికి, తన మీద, చేతులు కట్టుకున్న ఈ బంగారుపిల్లల మీద, గంధపుపేళ్ళ మీద, ఓర్చుకోమన్న ప్రతివాడి మీద. ఆ కోపం గొంతులో ముల్లును కూడా తోసుకుంటూ బయటికొచ్చింది.

"ఏందిది? మొఖాలు గట్ల పెట్టకుర్రి బిడ్డా! గిట్ల చూసేటోళ్ళను మస్తు మందిని చూసిన నేను. ఇందాక నవ్విన్రు గద, గట్ల నవ్వుర్రి. మొదలుకెల్లి వెయ్యి ప్రణీత్, డబ్బా దగ్గరికెల్లి కాదు, గా బండి కూసిన కాడికెల్లి. నవ్వకపోతే నేను ఇంటికి పోను, చెప్తున్న!"

 ప్రణీత్ వెనక్కి తిప్పాడు. వంద మైళ్ళ దాకా మనిషి జాడ లేదు, అన్నాడు ఎల్లేష్. బండి కూసింది. ముందుగా నవ్వింది సోమశేఖరే. గట్టిగా, ఒంటరిగా, దగ్గు కలిసిన ముసలి నవ్వు, ఎన్నాళ్ళుగానో వాడని గొంతు. అది విని కీర్తిప్రియకు ఆగలేదు. ఆమె వెనక ఇంకొకరికి. కమల డబ్బా విప్పేసరికి గదంతా మళ్ళీ అంటుకుంది, ఈసారి నేల తొక్కుతున్నారు, "పట్టుర్రి" అని నలుగురైదుగురు కలిసి అరిచారు, నిజంగానే చేతులు చాపారు. సోమశేఖర్ కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నవ్వితే కూడా కారతాయి, ఎవడికి చెప్పాలి లెక్క.

ఆటోలో ఫోను మోగింది. స్రవ్య. "తీసేసిన్రా బాపూ?"

"లేదు బిడ్డా. నేనే వద్దన్న."

సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది, చుట్టూ హారన్లు. కూతురు అరుస్తుందనుకున్నాడు. అరిస్తే అరవనీ, దీన్ని మాత్రం సరే అని వెనక్కి తీసుకోడు. "నవ్విన్రా?" అంది చివరికి, చిన్నగా.

"బాగ నవ్విన్రు. రెండుసార్లు."

"నువ్వు?"

"ముందుగాల నేనే."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నవ్వో ఏడుపో ఫోన్లో తేల్చుకోలేకపోయాడు. "రేపు ఆఫీసుల వాడు మల్ల చూపించనీ," అంది స్రవ్య. "మా అమ్మ అని చెప్త. చెప్పి నవ్వుమంట." ఆటో డ్రైవరు అద్దంలో చూసి, "అంతా ఖైరియత్ గదా సాబ్?" అని అడిగాడు. అడగనక్కర్లేని మనిషి, అడిగాడు. ఖైరియతే భాయ్ అన్నాడు సోమశేఖర్.

శాలిబండ గల్లీలో దుకాణాల షట్టర్లు పడుతున్నాయి. వాకిట్లో ఎదురింటి గుమ్మం దగ్గర లీలమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది, ఊరికే గాలికి కూర్చున్నట్టు, కానీ శాలువా కప్పుకుని గాలికి ఎవరు కూర్చుంటారు? "ఏమాయె అన్నా?" అంది. చెప్పాడు. నిలబడే చెప్పాడు, చేతులు తిప్పుతూ, అరవొద్దన్నట్టు ఆమె సైగ చేసేదాకా. అంతా విని, లీలమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

"మల్ల ఎప్పుడేస్తరంట?"

"జనం అడుగుతున్నరు. వచ్చే ఐతారం ఏస్తరేమో."

"ఐతారమైతే చర్చి అయినంక పెట్టుమను. నేను రాకముందు మొదలుపెట్టొద్దని చెప్పు. మేమందరం లేకుంటే గా విమానంల ఏముంది, ఉత్త రేకు," అంటూ లేచింది. స్టూలు లోపలికి జరిపింది. లోపల కోడలు, పసిబిడ్డ పడుకుని ఉన్నారు. లీలమ్మ తలుపును రెండు చేతులా కొంచెం పైకెత్తి పట్టి, కిర్రుమనకుండా, మెల్లగా మూసుకుంది.